టంకం వేసిన ర్యామ్‌ను పెంచుకోవచ్చునా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం నా బడి పనుల కోసం కొనుక్కున్న 13 అంగుళాల పలుచని ల్యాప్‌టాప్‌ను ఇప్పుడు బి.టెక్. కంప్యూటర్ సైన్స్ రెండవ సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి వాడుతోంది. అందులో 8 జీబీ ర్యామ్ ఉంది. ఫోను యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఎమ్యులేటర్ నడిపితే మౌస్ బాణం కూడా కదలడం మానేస్తోంది. టాస్క్ మేనేజర్‌లో ‘స్లాట్స్ యూజ్డ్: 2 ఆఫ్ 2’, ‘ఫామ్ ఫ్యాక్టర్: రో ఆఫ్ చిప్స్’, ‘స్పీడ్: 4267’ అని కనిపిస్తోంది. రెండు స్లాట్లు ఉన్నాయి కదా, చిన్నవి తీసి పెద్దవి పెట్టించవచ్చని అనుకున్నాను. మా ఊరి దుకాణంలో మూత తీసి చూసి, అసలు స్లాటే లేదు, పెంచడం అసాధ్యమన్నారు. విజయవాడలో చిప్ లెవెల్ సర్వీసింగ్ చేసే మరొకరు చిప్పులు తీసేసి 16 జీబీవి వేస్తామని, 9,500 రూపాయలు అవుతుందని, గ్యారంటీ మాత్రం ఇవ్వలేమని చెప్పారు. పెన్‌డ్రైవ్‌ను ర్యామ్‌గా వాడుకోవచ్చని మా బంధువు ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

సమాధానం: మీ ఊరి దుకాణదారు, విజయవాడ సాంకేతికుడు ఇద్దరూ మీకు నిజమే చెప్పారు. మొదటివారు తమ దగ్గరున్న పనిముట్లతో అది అయ్యే పని కాదన్నారు. రెండవవారు తమ పనిముట్లతో అవుతుంది గాని ఫలితానికి పూచీ పడలేమన్నారు. గ్యారంటీ లేదని ముందే చెప్పినందుకు ఆ రెండవ మనిషి మీద నాకు గౌరవమే కలిగింది. అయినా ఆ 9,500 రూపాయలు మీరు ఈ పని మీద పెట్టవద్దనే నా సలహా. మీ అమ్మాయి చదువు కూడా ఇదే కనుక, కారణాలను కాస్త విస్తరించి రాస్తున్నాను. ఆమెచేత కూడా చదివించండి.

ముందు ‘2 ఆఫ్ 2’ సంగతి. అది యంత్రాన్ని తెరవగానే ముందుగా నడిచే బయాస్ అనే ప్రోగ్రాము విండోస్‌కు ఇచ్చిన లెక్క మాత్రమే. మెమరీ రెండు విభాగాలుగా ఉందని దాని అర్థం తప్ప, చేతితో తీసి పెట్టే స్లాట్లు రెండున్నాయని కాదు. మీరు నమ్మవలసినది రెండవ వాక్యాన్ని. విడిగా తీయగలిగే ర్యామ్ ముక్క ఉన్నచోట ‘ఎస్ఓ-డిమ్’ అని చూపుతుంది. ‘రో ఆఫ్ చిప్స్’ అంటే చిప్పులను నేరుగా మదర్‌బోర్డు మీద వరుసగా టంకం వేశారన్నమాట. మూడవ అంకె ఇంకా గట్టి సాక్ష్యం. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా వేసే డీడీఆర్4 ముక్కల వేగం 3200 దగ్గర ఆగిపోతుంది. 4267 అని కనిపిస్తే అది ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ రకం మెమరీ. ఆ రకం ముక్కల రూపంలో బజారులో దొరకదు, దాన్ని టంకం వేయడానికే తయారు చేస్తారు. అంటే మీ ప్రశ్నలో సగానికి మూత తీయకుండానే సమాధానం దొరికింది.

ఇక్కడ ఇతర పాఠకుల కోసం ఒక మాట. అన్ని పలుచని ల్యాప్‌టాప్‌లూ ఇలా ఉండవు. మధ్యరకం ధరలో వచ్చే 14, 15 అంగుళాల యంత్రాలలో 4 లేదా 8 జీబీ బోర్డు మీదే టంకం వేసి, పక్కన ఒక స్లాటు ఖాళీగా వదిలిన నమూనాలు చాలా ఉన్నాయి. అటువంటి వాటిలో స్లాటులో మరొక 8 జీబీ ముక్క పెట్టడం పది నిమిషాల పని, దానికి చిప్ లెవెల్ దుకాణం అవసరమే లేదు. కొనేముందు తయారీదారు వెబ్‌సైటులో మీ నమూనా సంఖ్యకు ఏ రకం ముక్క, గరిష్ఠంగా ఎంత పడుతుందో చూసుకుంటే చాలు.

టంకం వేయడం కేవలం కంపెనీల దురాశ వల్లనేనని చాలామంది అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఒక ప్రసిద్ధ కంపెనీ మన దేశంలో 8 జీబీని 16 చేసి ఇవ్వడానికి ఏళ్ల తరబడి 20,000 రూపాయలు అదనంగా తీసుకుంది. కానీ మొత్తం కథ అది కాదు. ఎస్ఓ-డిమ్ ముక్క దాదాపు 70 మిల్లీమీటర్ల పొడవుంటుంది, దాన్ని పట్టుకునే సాకెట్టుకు తనదైన ఎత్తు ఉంటుంది, చిప్పు నుంచి ప్రాసెసరుకు వెళ్లే సంకేతం మధ్యలో ఆ సాకెట్టు పళ్లను దాటి వెళ్లాలి. డీడీఆర్4 చిప్పు 1.2 వోల్టులతో పనిచేస్తుంటే, ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ చిప్పు ప్రాసెసరుతో జరిపే సంభాషణకు 0.6 వోల్టులే వాడుతుంది. అంత బలహీనమైన సంకేతం అంత వేగంతో చెదరకుండా చేరాలంటే దారి పొట్టిగా, అతుకులు లేకుండా ఉండాలి. మూత మూసి బ్యాగులో పెట్టిన యంత్రం మర్నాటికి కూడా బ్యాటరీ నిలుపుకోవడంలో ఈ పొదుపుకు పెద్ద వాటా ఉంది. మరమ్మతుకు వీలుగా యంత్రాలు చేయడమే తన పేరుగా నిలుపుకున్న ఫ్రేమ్‌వర్క్ సంస్థ సైతం 2025లో ప్రకటించిన తన డెస్క్‌టాప్‌లో మెమరీని టంకం వేయవలసి వచ్చింది. విడదీయగల మెమరీతో ఆ ప్రాసెసరుకు కావలసిన వేగంలో సంకేతం నిలకడగా రాలేదన్నదే దానికి చెప్పిన కారణం.

ఇప్పుడు విజయవాడలో మీకు చేస్తామన్న పని ఎలా ఉంటుందో చూద్దాం. ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ చిప్పు అడుగున కాళ్లు ఉండవు. టంకంతో చేసిన అతి చిన్న గుండ్లు ఉంటాయి. బాగా వాడుకలో ఉన్న రకంలో ఒక్కో చిప్పుకు 200 గుండ్లు, వాటి మధ్య దూరం మిల్లీమీటరు కన్నా తక్కువ. మీ యంత్రంలో ఇటువంటివి నాలుగు ఉన్నాయనుకుంటే 800 అతుకులు. ఈ గుండ్లలో సీసం ఉండదు. తగరం, వెండి, రాగి కలిసిన ఆ మిశ్రమం దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలుపెడుతుంది, పని సాఫీగా సాగాలంటే 240 దాకా తీసుకువెళ్లాలి. మదర్‌బోర్డు పొరలు పొరలుగా ఉండి లోపలి రాగి పలకలు వేడిని లాగేసుకుంటాయి కనుక, పైనుంచి వేడిగాలి ఊదితే సరిపోదు. కిందనుంచి కూడా బోర్డు మొత్తాన్ని సమంగా వేడి చేసే ప్రీహీటరు ఉండాలి. అది లేకుండా పైనుంచే గాలి వేడి పెంచుకుంటూ పోతే బోర్డు వంగుతుంది, లేదా చిప్పుతోపాటు దాని కింది రాగి మచ్చలు కూడా ఊడివస్తాయి. ఊడిన మచ్చను మళ్లీ అతికించడం, ఒక్కటైతే నిపుణులు చేస్తారు, పది ఊడితే ఎవరూ చేయరు.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది పొరుగు. పొట్టి దారి కోసం మెమరీని ప్రాసెసరుకు ఆనుకునే పెడతారు. చిప్పును కరిగించే వేడి ప్రాసెసరు కింది వందల గుండ్ల మీదికి కూడా పాకుతుంది. చుట్టూ ఆవగింజలో సగం కూడా లేని కెపాసిటర్లు కరిగిన టంకం మీద తేలుతూ ఉంటాయి, గాలి కాస్త ఎక్కువైతే ఎగిరిపోతాయి. కొన్ని నమూనాల్లో చిప్పు కదలకుండా కింద జిగురు నింపుతారు, అప్పుడు పని మరింత కష్టం. పైగా ఈ పనిలోని లోపాలు అప్పటికప్పుడు బయటపడవు. దుకాణంలో యంత్రం చక్కగా తెరుచుకుని 16 జీబీ అని చూపించి, ఇంటికి వచ్చిన మూడు వారాలకు, యంత్రం వేడెక్కినప్పుడు మాత్రమే విండోస్‌ను ఆపేసి నీలితెర చూపే అతుకు ఒకటి ఉండవచ్చు. 800 అతుకుల్లో అటువంటిది ఒక్కటి చాలు.

చేయి తిరిగిన పనివాడు దొరికి అతుకులన్నీ బాగా కుదిరాయనే అనుకుందాం. అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది, చాలామంది చెప్పనిదీ ఇదే. విడి ర్యామ్ ముక్క మీద, తన పరిమాణం ఎంత, వేగం ఎంత, ఏ లయలో చదవాలి అనే వివరాలు దాచుకున్న బుల్లి చిప్పు ఒకటి వేరుగా ఉంటుంది. యంత్రం తెరుచుకోగానే బయాస్ దాన్ని చదివి సర్దుకుంటుంది. టంకం వేసిన మెమరీకి సాధారణంగా అలాంటి పరిచయపత్రం ఉండదు. తయారీదారు తాను వాడదలచిన నాలుగైదు రకాల చిప్పుల వివరాలను బయాస్‌లోనే పట్టికగా రాసిపెట్టి, ఈ బోర్డు మీద వాటిలో ఏది ఉందో చెప్పడానికి బోర్డు మీద మూడు నాలుగు సన్నని రెసిస్టర్లను ఒక ప్రత్యేకమైన అమరికలో వేస్తాడు. చిప్పులు మార్చి ఈ రెసిస్టర్లను మార్చకపోతే యంత్రం పాత 8 జీబీయే చూపుతుంది, లేదా తెర వెలగనే వెలగదు.

మీ నమూనాలోనే 16 జీబీ రకం కూడా మార్కెట్లో అమ్మి ఉంటే, ఆ పట్టికలో దాని వివరాలు ఉండే అవకాశం బాగా ఉంది. రెసిస్టర్ల అమరిక తెలిసినవాడు దాన్ని మార్చగలడు. డెల్ ఎక్స్‌పీఎస్ 13 వంటి యంత్రాల్లో ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు 8ని 16 చేసి చూపింది ఈ దారిలోనే. వారి దగ్గర బోర్డు పటాలు ఉన్నాయి, సూక్ష్మదర్శిని ఉంది, పోతే పోయిందనుకునే తెగింపు ఉంది. మీ నమూనా 8 జీబీలో మాత్రమే వచ్చి ఉంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. బయాస్‌ను దిద్ది పట్టిక చేర్చుదామంటే, 2013 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో ఉన్న బూట్ గార్డ్ అనే కాపలా ఏర్పాటును తయారీదారు అమలు చేసి ఉంటే, తయారీదారు డిజిటల్ సంతకం సరిపోని బయాస్‌తో యంత్రం తెరుచుకోదు.

కాబట్టి విజయవాడ సాంకేతికుణ్ణి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ఇదే నమూనా సంఖ్య గల బోర్డును ఆయన ఇంతకు ముందు 16 జీబీ చేసి ఉన్నారా అన్నది. చేసి ఉంటే, వేయబోయే చిప్పులు కొత్తవా, వేరే బోర్డుల నుంచి తీసి మళ్లీ గుండ్లు అతికించినవా అని అడగండి. ఈ రెంటికీ తడుముకోకుండా సమాధానం వస్తే ఆయన పని తెలిసినవారే. అప్పుడు కూడా మీ విషయంలో నా అభిప్రాయం మారదు. ఎందుకంటే ఇది ఇంట్లో ఖాళీగా పడి ఉన్న రెండో యంత్రం కాదు, చదువుకునే పిల్ల రోజూ ఆధారపడే ఏకైక యంత్రం. పరీక్షల ముందు అది పోతే నష్టం 9,500తో ఆగదు.

యంత్రం లోపల ఏదైనా చేయించే తీరవలసి వస్తే, చిప్పులు మార్చడం కన్నా అదే నమూనాకు చెందిన 16 జీబీ మదర్‌బోర్డును, పగిలిన తెర వల్ల విడిభాగాలకు అమ్మిన యంత్రం నుంచి వచ్చినదాన్ని, సంపాదించి వేయించుకోవడం మేలు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల అడిగితే ఒక్కోసారి దొరుకుతుంది. అందులో అతుకులు ఫ్యాక్టరీవి, బయాస్ దానిదే, వేడి చేసే పనే లేదు. ధర ఎక్కువే ఉంటుంది, ప్రాసెసరు కూడా దానితోపాటే వస్తుంది కనుక. అయితే విండోస్ లైసెన్సు సాధారణంగా పాత బోర్డుకు ముడిపడి ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంకా ముఖ్యమైనది, డిస్కుకు విండోస్ తనంతట తానే వేసే బిట్‌లాకర్ తాళపు చెవి కూడా పాత బోర్డులోనే ఉంటుంది. బోర్డు మారినా, చచ్చినా, 48 అంకెల రికవరీ కీ లేకుండా ఎస్ఎస్‌డీ అనే ఆ డిస్కులోని ఫైళ్లు తెరుచుకోవు. ఏ దుకాణానికి యంత్రం ఇచ్చే ముందైనా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ అంకెలను కాగితం మీద రాసుకోండి, ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి.

ఇక అసలు ఇబ్బందికి వద్దాం. మీ అమ్మాయి యంత్రం నత్తనడక నడవడానికి ఎమ్యులేటరే ప్రధాన కారణం. అది ల్యాప్‌టాప్ లోపల మరొక ఫోనును సృష్టించి నడపడం. దాన్ని స్టూడియోతో కలిపి వాడాలంటే కనీసం 16 జీబీ కావాలని గూగుల్ స్వయంగా చెబుతోంది. కానీ ఎమ్యులేటర్ లేకుండా స్టూడియో ఒక్కదానికే 8 జీబీ కనీస అవసరం. ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఎలాగూ ఉంటుంది. అందులో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగింగ్ ఆన్ చేసి, తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపితే, ఆమె రాసిన యాప్ నేరుగా ఆ ఫోనులోనే నడుస్తుంది. రెండు మూడు జీబీల భారం ఒక్కసారిగా దిగిపోతుంది. పైసా ఖర్చు లేదు. ఈ ఒక్క మార్పు తర్వాత మీకు ర్యామ్ గురించిన దిగులే తీరిపోవచ్చు.

తీరిందో లేదో ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. ఆమె రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆ పైన మెమరీ నొక్కితే ‘కమిటెడ్’ అనే చోట రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది తెరిచిన ప్రోగ్రాములన్నీ కలిసి కావాలని చెప్పుకున్న మెమరీ. అది 9, 10 దగ్గర ఉంటే విండోస్ మెమరీని కుదించి, కొంత డిస్కులోకి తోసి నెట్టుకురాగలదు. బ్రౌజరులో తెరిచి ఉంచిన ట్యాబులు తగ్గిస్తే సరిపోతుంది. ఎప్పుడు చూసినా 14, 15 దాటుతుంటే 8 జీబీ నిజంగానే ఆమెకు చాలడం లేదు, ఏ చిట్కా పనిచేయదు. అదే పేజీలో ‘హార్డ్‌వేర్ రిజర్వ్డ్’ అన్న అంకెను కూడా చూడండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో, ముఖ్యంగా ఏఎండీ ప్రాసెసర్లున్న వాటిలో, తెర బొమ్మల కోసం ర్యామ్‌లో అర జీబీ నుంచి 2 జీబీ దాకా ముందే పక్కన పెట్టేస్తారు. 2 జీబీ పోతోందని తేలితే, బయాస్‌లో ఆ వాటాను తగ్గించే వీలుందేమో చూడండి. కొన్ని నమూనాలలో ఉంటుంది. లైనక్స్ పాఠాల కోసం ఆమె విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ వాడుతుంటే, మనం హద్దు ఏమీ పెట్టకపోతే అది మొత్తం ర్యామ్‌లో సగం వరకు తీసుకోగలదు. దాని సెట్టింగుల ఫైలులో 2 లేదా 3 జీబీ అని హద్దు రాయమనండి. ఆ పని ఆమెకే వదిలేయండి, అది ఒక పాఠం కూడా.

ఎస్ఎస్‌డీ నిండిపోయి ఉందేమో కూడా చూసుకోండి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ మిగిలినదాన్ని అక్కడికే తోస్తుంది. ఐదో వంతైనా ఖాళీ లేకపోతే ఆ తోపులాట మరింత నెమ్మదిస్తుంది. పలుచని యంత్రాల్లో ర్యామ్ అతికి ఉన్నా ఎస్ఎస్‌డీ మాత్రం చాలావరకు ఒక్క స్క్రూతో ఊడివచ్చేదే ఉంటుంది. మీది 256 జీబీ అయి నిండి ఉంటే, డబ్బు పెట్టదగిన చోటు అదే. కానీ మంచి ఎస్ఎస్‌డీ కూడా ర్యామ్‌కు ప్రత్యామ్నాయం కాదు. ర్యామ్ జవాబివ్వడానికి నానోసెకన్లలో వంద పట్టేచోట ఎస్ఎస్‌డీకి మైక్రోసెకన్లలో యాభయ్యో వందో పడుతుంది, మైక్రోసెకను అంటే వెయ్యి నానోసెకన్లు కనుక ఐదు వందల నుంచి వెయ్యింతల దాకా తేడా. ఎస్ఎస్‌డీ సంగతే ఇదైతే, మీ బంధువు చెప్పిన పెన్‌డ్రైవ్ సంగతి వేరే చెప్పాలా? 2007లో విస్టాతో వచ్చిన రెడీబూస్ట్ అనే సదుపాయం గురించి ఆయన విని ఉంటారు. అది తిరిగే హార్డ్‌డిస్కుల కాలంలో కొంత ఉపయోగపడింది. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రంలో విండోసే దాన్ని వద్దంటుంది.

ఇవన్నీ చేశాక కూడా ‘కమిటెడ్’ అంకె 15 దగ్గరే నిలిస్తే, ఈ ల్యాప్‌టాప్‌ను మళ్లీ మీ బడి పనులకు తీసుకుని, ఆమెకు మరొకటి కొనడమే సరైన దారి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగి ఉన్నాయి కనుక తొందరపడి కొనమనను, కానీ కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. వివరపత్రంలో ‘ఆన్‌బోర్డ్’, ‘సోల్డర్డ్’, ‘ఎల్‌పీడీడీఆర్5’ లేదా ‘ఎల్‌పీడీడీఆర్5ఎక్స్’ అన్న మాటలు కనబడితే, కొన్న రోజు ఎంత ఉందో చివరి రోజూ అంతే అనుకోండి. అలాంటిది కొనవలసివస్తే 16కు తగ్గవద్దు, వీలుంటే 32 తీసుకోండి. ఆపిల్ ఎం వరుస యంత్రాల్లో, ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలో మెమరీ ప్రాసెసరు దిమ్మెలోనే కలిసి ఉంటుంది కనుక అక్కడ ఏ చిప్ లెవెల్ దుకాణం ఆశా పెట్టుకోనక్కరలేదు. ‘డీడీఆర్5 ఎస్ఓ-డిమ్’, ‘2 స్లాట్స్’ అని ఉంటే బరువు మూడు నాలుగు వందల గ్రాములు పెరిగినా, రెండేళ్ల తర్వాత పది నిమిషాల్లో ర్యామ్ పెంచుకోవచ్చు. తక్కువ వోల్టు మెమరీనే స్క్రూలతో బిగించేలా చేసిన ఎల్‌పీక్యామ్2 అనే కొత్త ముక్క 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడవ తరంలో వచ్చింది; ఈ చిక్కుకు అసలైన పరిష్కారం అదే, కానీ అది విద్యార్థి కొనే ధరలో ఉన్న యంత్రం కాదు. అమ్మేవారు ‘ఎక్స్‌పాండబుల్’ అని నోటితో చెబితే, ఆ నమూనా సంఖ్యకు తయారీదారు వెబ్‌సైటులో ఉన్న మెమరీ వరుసను వారి ముందే తెరిచి చూపించమనండి. ఒకే పేరుతో వచ్చే రెండు నమూనాలలో ఒకదానికి స్లాటు ఉండి, రెండవదానికి లేకపోవడం తరచూ జరుగుతుంది.